పల్లేరు కాయ, ఫ్రెంచి కాలవ, మా నాన్న

ఫ్రాన్స్‌లో సైకిల్ ట్రిప్ అనగానే మీ కళ్ళ ముందు ఏం కదులుతుందో నాకు తెలుసు. ద్రాక్ష తోటలు, రాతి వంతెన, సైకిల్ బుట్టలో పొడుగాటి బ్రెడ్డు. నేను ఇన్‌స్టాలో పెట్టినవి కూడా అవే. మొత్తం 43 ఫొటోలు. పెట్టనిది ఏంటంటే, ఆరో రోజు సాయంత్రం నాలుగింటికి వెనక టైరు గాలి పోయి, కాలవ గట్టు మీద కూలబడి, ముక్కు తుడుచుకుంటూ మా నాన్నకి వాట్సాప్ వీడియో కాల్ చేశానని.

మొదటి నుంచి చెబుతా.

నేను తులూజ్‌లో ఏడాదిన్నరగా పని చేస్తున్నా. విమానాల్లో వాడే సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేసే టీమ్. ఆగస్టు చివర్లో మేనేజర్ నుంచి మెయిల్ వచ్చింది. ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటావా, సెప్టెంబర్ రెండో సోమవారంలోగా చెప్పు అని. 'యెస్' అని టైప్ చేయడానికి రెండు సెకన్లు చాలు. నాకు రెండు వారాలు పట్టినా చెయ్యి రాలేదు. ఎందుకో తర్వాత చెబుతా.

సైకిల్ ఐడియా నా రూమ్మేట్‌ది. నిజామాబాద్ పిల్ల. "కాలువ ఎంబడి పోదాం. అంతా ఫ్లాట్ ఉంటది, ఎక్కుడు లేదు దిగుడు లేదు" అంది. ఆ కాలవ పేరు కనాల్ దు మిది. తులూజ్‌లో మొదలై 240 కిలోమీటర్లు పారి, సేత్ పక్కన తో అనే ఉప్పుకయ్యలో కలుస్తుంది. అక్కడి నుంచి మధ్యధరా సముద్రం పిలిస్తే పలికేంత దూరం. ఒకప్పుడు పడవలను లాగే గుర్రాలు నడిచిన గట్టు మీద ఇప్పుడు సైకిళ్ళు తిరుగుతున్నాయి. ఐదు సెలవులు పెట్టి, 120 యూరోలకి ఒక సెకండ్ హ్యాండ్ సైకిల్ కొన్నా. అమ్మకి ఫోన్లో చెబితే యథాప్రకారం "అంటే మన డబ్బుల్లో ఎంత?" అంది. చెప్పాక కాసేపు ఏం మాట్లాడలేదు.

నాన్న మాత్రం ఒక్కటే అడిగాడు. "గట్టు వెడల్పెంత?"

మా నాన్న లస్కరు. ఈ మాట డెల్టాలో పుట్టని వాళ్ళకి తెలియదు. ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో కాలవ గట్ల మీద తిరిగి కాపలా కాసే ఉద్యోగం. ఎక్కడ గండి పడేలా ఉంది, ఎక్కడ ఎలకలు బొరియలు చేశాయి, ఎవరు దొంగ తూము పెట్టారు, ఏ లాకు దగ్గర తలుపు ఎన్ని అంగుళాలు ఎత్తాలి, అన్నీ చూసుకోవాలి. రామచంద్రపురం పక్కన మా ఊరు. నాన్న ముప్పై ఏళ్ళు అదే గట్టు మీద అదే సైకిల్ తొక్కాడు. తుఫాను రాత్రుళ్ళు టార్చిలైటు నోట్లో కరుచుకుని వెళ్ళేవాడు. నేను ఆ సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని పెరిగిన దాన్నే. రిటైరై నాలుగేళ్ళయింది. పోయిన ఏడాది బైపాస్ ఆపరేషన్ అయింది. ఆ తర్వాత అమ్మ ఆ సైకిల్‌ని పశువుల పాకలో వాసానికి వేలాడదీయించింది. "కిందుంటే తొక్కుతాడు" అని.

సరే, కాలవలోకి వద్దాం.

మొదటి రోజు స్వర్గం. తులూజ్ దాటాక యాభై కిలోమీటర్ల దాకా గట్టు మీద చక్కటి తారు రోడ్డు. రెండు పక్కలా ప్లేన్ చెట్లు, ఆకుల సందుల్లోంచి ఎండ. నీళ్ళ మీద ఇళ్ళలాంటి పడవలు, వాటి మీద తులసికోట అంత కుండీల్లో పువ్వులు, బట్టలారేసిన తీగలు. ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ 'బోంజూర్' అంటారు. మొదటి వంద బోంజూర్లకి నవ్వుతూ సమాధానం చెప్పాం. ఆ తర్వాత తలూపాం.

ఆ రోజు సాయంత్రం నొరూజ్ అనే చోటుకి చేరాం. మొత్తం కాలవలో ఎత్తైన చోటు అదే, సముద్ర మట్టానికి 190 మీటర్లు. నల్ల కొండల్లోంచి తెచ్చిన నీళ్ళు ఇక్కడ కాలవలో పడి రెండుగా చీలతాయి. సగం అట్లాంటిక్ వైపు, సగం మధ్యధరా వైపు. చూడ్డానికి పెద్దగా ఏం ఉండదు, మన ఊళ్ళో పంటబోదె చీలినట్టే ఉంటుంది. నాన్నకి వీడియోలో చూపించా. మా ఇంట్లో అప్పటికి రాత్రి పదిన్నర. తొమ్మిదికే పడుకునే మనిషి లేచి కూర్చున్నాడు.

"ఒకే చోటు నుంచి రెండు సముద్రాలకా? ఏ దొర కట్టాడమ్మా?"

మాకు కాలవ అంటే కాటన్ దొరే కదా. దవళేశ్వరం ఆనకట్ట 1852 నాటిది. ఈ కాలవ దానికంటే 170 ఏళ్ళు పాతది, 1681లో తెరిచారు అన్నా. కట్టించినాయన పేరు పియేర్ పాల్ రికే. ఇంజనీరు కూడా కాదు, ఉప్పు పన్ను వసూలు చేసే కాంట్రాక్టరు. కొండల మీద వాగులన్నీ ఒకచోట చేర్చి ఎత్తు మీదికి నీళ్ళు తేవచ్చని పట్టుబట్టి, రాజుని ఒప్పించి, సొంత డబ్బు పోసి, 1666 నుంచి పద్నాలుగేళ్ళు తవ్వించాడు. పని ముమ్మరంగా ఉన్నప్పుడు సుమారు 12,000 మంది కూలీలు, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. ఇంకొన్ని నెలల్లో కాలవ తెరుస్తారనగా 1680లో చనిపోయాడు. అప్పులతో.

"నీళ్ళు పారడం చూడలేదన్నమాట" అన్నాడు నాన్న. ఫోన్ పెట్టేశాక కూడా ఆ ముక్క చెవిలో ఉండిపోయింది.

రెండో రోజు అసలు కథ మొదలైంది. తారు రోడ్డు జిల్లా సరిహద్దు దగ్గర టక్కున ఆగిపోయింది. ఆ తర్వాత మట్టి, కంకర, చెట్ల వేర్లు. పైగా గాలి. ఆ ప్రాంతంలో ఆగ్నేయం నుంచి వచ్చే గాలికి ఓతాన్ అని పేరు. మనుషులకి పిచ్చెక్కిస్తుందని దాన్ని పిచ్చోళ్ళ గాలి అంటారట. మేం వెళ్ళేది సరిగ్గా ఆగ్నేయానికే. తొక్కుతుంటే ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి తోస్తున్నట్టు ఉంది. మధ్యాహ్నం వాన కూడా తోడైంది.

కాస్తెల్నోదరీ చేరేసరికి రెండుంపావు. ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి. ఫ్రెంచి పల్లెల్లో ఒక రూల్ ఉంది, రాసిపెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం పన్నెండు నుంచి రెండు దాకానే. రెండు దాటితే మీరు ఎవరైనా సరే, వంటిల్లు మూసేశారు. మళ్ళీ రాత్రి ఏడుకే. నాలుగు చోట్ల తిరిగాం. నాలుగు చోట్లా అదే చిరునవ్వు, అదే 'దెజొలె'. చివరికి సూపర్ మార్కెట్‌లో చిప్స్ కొనుక్కుని తడిసిన బట్టలతో బస్ స్టాప్‌లో కూర్చుని తిన్నాం.

రాత్రి ఏడింటికి పంతం కొద్దీ మంచి హోటల్‌కే వెళ్ళాం. ఆ ఊరు కసూలే అనే వంటకానికి పెట్టింది పేరు. తెల్ల బీన్స్‌ని మట్టి పాత్రలో గంటల తరబడి ఉడికిస్తారు. బాతు మాంసం, పంది మాంసం, పంది సాసేజ్ వేసి. మా ఇద్దరికీ పంది పడదు. "పోర్క్ లేకుండా ఇస్తారా?" అని అడిగా. ఆవిడ నన్ను చూసిన చూపు, చింతపండు లేని పులిహోర అడిగితే మా అమ్మమ్మ చూసే చూపు. ఇద్దరం ఆమ్లెట్ తిన్నాం.

గొడవ ఆ ఆమ్లెట్ దగ్గరే మొదలైంది. "రేపు ట్రైన్ ఎక్కి డైరెక్ట్ సముద్రం కాడికి పోదాం. నా మోకాలు గుంజుతుంది" అంది. నేను ఒప్పుకోలేదు. "పెట్టుకున్న పని మధ్యలో వదిలేస్తే ఎలా?" అన్నా. ఆ మాట వరకు బానే ఉంది. తర్వాత, "నువ్వు ఏదీ పూర్తిచేయవు, ఫ్రెంచ్ క్లాసులూ అంతే, జిమ్మూ అంతే" అన్నా. అనకూడదు. ఆమె ఫోర్క్ కింద పెట్టి, నింపాదిగా అంది.

"నేను సగంల ఇడిసిపెడ్తగని, ఎవళ్ళకన్న బాగలేకుంటే పోయి సూస్త."

మా నాన్న ఆపరేషన్ అప్పుడు నేను ఇంటికి వెళ్ళలేదు. అందరికీ సెలవు దొరకలేదని చెప్పా. అమ్మకీ, అన్నయ్యకీ, నాన్నకీ. నిజం ఏంటంటే నేను అసలు అడగలేదు. రిలీజ్ దగ్గర్లో ఉంది, కాంట్రాక్ట్ రెన్యువల్ టైమ్, ఇప్పుడు అడిగితే బాగోదేమో అనుకున్నా. ఆ సంగతి ప్రపంచంలో తెలిసిన ఏకైక మనిషి నా రూమ్మేట్.

తెల్లారి ఆమె ట్రైన్‌లో తులూజ్ వెళ్ళిపోయింది. స్టేషన్ దాకా వెళ్ళా. ఇద్దరం మాట్లాడుకోలేదు. ప్యాచ్‌ల డబ్బా, పంపు నా బ్యాగులో ఉండిపోయాయి. స్పేర్ ట్యూబ్ ఆమె బ్యాగులో వెళ్ళిపోయింది. ఆ విషయం మాత్రం అప్పుడు గుర్తు రాలేదు.

మూడో రోజు నుంచి ఒక్కదాన్నే. నిజం చెప్పొద్దూ, భయమేసింది. ఆ భయం మనుషుల గురించి కాదు. మనుషులు లేకపోవడం గురించి. కిలోమీటర్ల తరబడి పిట్ట కూడా లేని గట్టు. కాపాడింది లాకులే. ప్రతి లాకు పక్కనా ఒక చిన్న ఇల్లు, గోడకి ఒక పలక, దాని మీద వెనకటి లాకు ఎంత దూరమో, రాబోయేది ఎంత దూరమో మీటర్లలో రాసి ఉంటుంది. నాకు అదే జీపీఎస్. 'ఇంకో 1,500 మీటర్లు తొక్కు, తర్వాత చూద్దాం' అనుకుంటూ కార్కసోన్ దాకా లాగేశా. ఇక్కడి లాకులు మనవాటిలా తిన్నగా ఉండవు, గోడలు కోడిగుడ్డు ఆకారంలో వంగి ఉంటాయి, మట్టి ఒత్తిడికి కూలకుండా. నాన్నకి చూపిస్తే "వీటిల్లో ఇంకా పడవలు పోతున్నాయా!" అని తెగ సంబరపడ్డాడు. మావి ఆయన చిన్నప్పుడే ఆగిపోయాయి. ఇప్పుడు లాకుల దగ్గర పిల్లలు ఈతలు కొడతారు, అంతే.

కార్కసోన్ కోట గురించి రాయను. యూట్యూబ్‌లో చూసేయండి. నాకు నచ్చింది ఒకటే. రికే కాలవ మొదట్లో ఈ ఊళ్ళోకి రాలేదు. ఊరివాళ్ళు ఖర్చు భరించమన్నారు, ఆయన పక్కనుంచి తీసుకుపోయాడు. తర్వాత బుద్ధొచ్చి 1810 నాటికి మళ్ళీ తవ్వించుకున్నారు. మా ఊళ్ళో బోదెల తగాదాలు గుర్తొచ్చాయి.

నాలుగో రోజు గాలి దిక్కు మారింది. వాయువ్యం నుంచి వీచే గాలి, పేరు సేర్స్, వెనక నుంచి తోసింది. అబ్బ! తొక్కకుండానే సైకిల్ పోతోంది. అటూ ఇటూ ద్రాక్ష కోతలు. ట్రాక్టర్ల నిండా పళ్ళు, గాలంతా పులిసిన తీపి వాసన. కానీ నీడ పోయింది. మైళ్ళకి మైళ్ళు చెట్లు లేవు, మొదళ్ళు ఉన్నాయి. ఈ కాలవ వెంట 42,000 ప్లేన్ చెట్లు ఉండేవి. 2006లో ఒక తెగులు బయటపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తెచ్చిన మందుగుండు పెట్టెల చెక్కలోంచి ఆ శిలీంధ్రం ఫ్రాన్స్‌లోకి వచ్చిందట. మందు లేదు. నరకడం, కాల్చేయడం, కొత్తవి వేరే జాతివి నాటడం. నాటిన మొక్కలు ఇంకా నా ఎత్తుకి కొంచెం పైన. వాటికి నీడ వచ్చేసరికి నాకు మనవలు పుడతారేమో.

ఆ మిట్టమధ్యాహ్నం బాటిల్‌లో చుక్క నీరు లేదు. ఊళ్ళో షాపులన్నీ మూసి ఉన్నాయి. అప్పుడు పనికొచ్చింది సైకిల్ వాళ్ళకి తెలిసిన ఒక చిట్కా. ఫ్రెంచి పల్లెల్లో నీళ్ళు కావాలంటే శ్మశానానికి వెళ్ళాలి. సమాధుల మీది పూల మొక్కలకి పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది. మా అమ్మకి ఈ పేరా చూపించకండి. లోపల ఒక పెద్దావిడ కుండీలకి నీళ్ళు పోస్తోంది. నన్ను చూసి కుళాయి చూపించి, తాగొచ్చని సైగ చేసి, "తుత్ సెల్?" అంది. ఒక్కదానివేనా? మా ఊళ్ళో ఏ ఆడమనిషైనా మొదట అడిగే ప్రశ్న. అవునన్నా. పెదవి విరిచి, సంచిలోంచి రెండు టమాటాలు తీసి చేతిలో పెట్టింది. అక్కడే కడుక్కుని, గేటు బయట నిలబడి తినేశా. ఉప్పు లేకపోయినా సరే, ఆ ట్రిప్‌లో తిన్న బెస్ట్ ఐటమ్ అదే.

ఐదో రోజు సాఫీగా గడిచింది కాబట్టి వదిలేస్తున్నా.

ఆరో రోజు, ఆదివారం. పొద్దున్నే మల్పాస్ సొరంగం చూశా. కొండ కింద నుంచి కాలవ పోతుంది, 160 మీటర్లకు పైనే. ఆ తర్వాత బేజియే, రికే సొంత ఊరు. అక్కడ ఫోన్సెరాన్ లాకులు ఒకదానికొకటి అతుక్కుని మెట్లలా ఉంటాయి, పడవ ఇరవై ఒక్క మీటర్లకు పైగా దిగుతుంది. గంటసేపు కూర్చుని చూశా. అక్కడి నుంచి సముద్రం దగ్గరే, సాయంత్రానికి అయిపోతుంది అనుకుని హుషారుగా పాట పాడుకుంటూ పోతున్నా. పోర్తిరాన్ దాటానో లేదో, వెనక చక్రం గడగడమంది. గాలి మొత్తం పోయింది.

దిగి చూస్తే టైరుకి గుచ్చుకుని ఉంది. పల్లేరు కాయ. అచ్చంగా మన పల్లేరు కాయ! చిన్నప్పుడు మా చెరువు గట్టు మీద కాళ్ళకి ఎన్నిసార్లు గుచ్చుకుందో. ఇంత దూరం వచ్చి దీని చేతిలోనా అనిపించింది. స్పేర్ ట్యూబ్ తులూజ్‌లో. ఆదివారం, ఒక్క షాపు లేదు. ఇంజనీరింగ్‌లో డిస్టింక్షన్ వచ్చిన నేను జీవితంలో ఒక్క పంక్చర్ వేయలేదు. నాన్న ఉండగా ఆ అవసరం ఏం వచ్చింది?

కాల్ చేశా. అక్కడ ఏడున్నర. నాన్న నా మొహం చూశాడు, ఏడుపు గురించి అడగలేదు.

"చక్రం ఊడదీశావా?"

"లేదు."

"ఫోను ఎక్కడన్నా ఆనించు. నాకు చక్రం కనపడాలి, నువ్వు కాదు."

బ్యాగుకి ఆనించా. ముందు చైను చిన్న పళ్ళచక్రం మీదికి వేయమన్నాడు. చక్రం తీయడానికి పది నిమిషాలు, టైరు ఒక అంచు రిమ్ములోంచి తప్పించడానికి ఇంకో పది. ట్యూబు లాగి, కొంచెం గాలి కొట్టి, "కాలవలో ముంచు" అన్నాడు. బోర్లా పడుకుని, మూడున్నర శతాబ్దాల ఫ్రెంచి కాలవలో ట్యూబు ముంచా. బుడగలు వచ్చాయి. "వేలు తీయకు. తుడువు. గరుకు కాగితంతో రుద్దు. ఇంకా రుద్దు. సొల్యూషన్ రాసి ఊరుకో. వెంటనే అంటిస్తే నిలవదు, ఆరనియ్యి." ఆరేదాకా ఇద్దరం ఆ ట్యూబునే చూస్తూ కూర్చున్నాం. వెనకాల అమ్మ "ఎవరితో?" అంటుంటే "పనిలో ఉన్నా" అన్నాడు. రిటైరయ్యాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

ప్యాచ్ వేశాక టైరు లోపలంతా వేళ్ళతో తడమమన్నాడు. ఇంకో మూడు ముళ్ళు దొరికాయి. అవి తీయకపోతే కిలోమీటరులో మళ్ళీ పోయేది.

సాయంత్రం ఏడున్నరకి కాలవ అయిపోయింది. చివర్న ఒక రాతి గట్టు, దాని కొసన చిన్న లైట్‌హౌస్, అంతే. అవతల తో కయ్య, గాజులా. చేతులకి నల్ల గ్రీజు, మోకాళ్ళకి మట్టి. మా ఇంట్లో పదకొండు. ఒక్క రింగుకే ఎత్తాడు. కెమెరా తిప్పి చూపించా. లస్కర్ల భాషలో కాలవ చివరి భూముల్ని శివారు అంటారు. ఆయన సర్వీసంతా శివారు రైతులు ఇంటికొచ్చి నీళ్ళు రావట్లేదని పోట్లాడినవాళ్ళే. నాన్న ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"చివరిదాకా నిండుగా ఉందే" అన్నాడు.

అప్పుడు చెప్పేశా. "నాన్నా, నీ ఆపరేషనప్పుడు సెలవు ఇవ్వలేదని చెప్పా కదా. నేను అడగలేదు."

కయ్య మీద గాలి చప్పుడు. వీడియో ఆగిపోయిందేమో అనుకున్నా. ఆగలేదు, ఆయన కళ్ళు ఆర్పడం కనిపిస్తోంది.

"వెనక చక్రం గాలి నిలబడిందా?" అన్నాడు.

"నిలబడింది."

"రేపు పొద్దున ఎక్కే ముందు ఒకసారి నొక్కి చూడు."

సోమవారం ఆగ్డ్ స్టేషన్‌లో ట్రైన్ ఎక్కి, సైకిల్ కొక్కేనికి తగిలించి, మెయిల్ రాశా. రెండేళ్ళు ఉంటాను, కానీ ముందు రెండు నెలలు ఇంటికి వెళ్ళి రావాలి, జీతం లేకుండా అయినా సరే. ఈసారి అడిగా. మేనేజర్ 'నోటెడ్' అని ఒక్క ముక్క పంపాడు. కార్పొరేట్‌లో దాని అర్థం దేవుడికే తెలియాలి. నార్బోన్ దగ్గర రూమ్మేట్ మెసేజ్ వచ్చింది. "చారు జేసిన. జల్ది రా." నా సారీ కంటే ఆమె చారే ముందొచ్చింది. సారీ మొహం మీదే చెప్పా. మోకాలికి జండూబామ్ రాసుకుంటూ వింది.

మొన్న ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. గొంతు చూస్తే యుద్ధానికి సిద్ధంగా ఉంది.

"మీ నాన్న పాకలోంచి సైకిల్ దింపించాడు. కొత్త టైర్లు వేయించాడు. డాక్టరుగారే తొక్కొచ్చన్నాడంట, నువ్వే అడిగి చెప్పావంట. నిజమేనా?"

నేను ఏ డాక్టర్నీ అడగలేదు. వెనకాల బెల్లు మోగుతోంది, ట్రింగ్ ట్రింగ్ అని, కావాలనే.

"ఒకసారి నాన్నకివ్వమ్మా" అన్నా.